‘నీకిది ధర్మమేనా?’: ధర్మాగ్రహం అనే మాటతో నా జ్ఞాపకాలు

ధర్మాగ్రహం అనే మాటను ఈ రోజుల్లో పత్రికల్లో, టీవీ చర్చల్లో, ఎన్నికల సభల్లో వింటున్నంత తరచుగా నా చిన్నతనంలో ఎప్పుడూ వినలేదు. నెల్లూరు జిల్లాలో కావలికి పడమరగా, మెట్ట ప్రాంతంలో ఉన్న మా ఊళ్లో ఆ మాటను పలికేవారు ఇద్దరే ఉండేవారు. ఒకరు బడిలో మా తెలుగు మాస్టారు, రెండోవారు రామాలయంలో పురాణం చెప్పే పెద్దాయన. అయితే ఆ మాటకు అసలు అర్థం ఏమిటో నాకు తెలియజేసినవాళ్లు మాత్రం దాన్ని ఒక్కసారి కూడా నోటితో పలకని మా వీధి ఆడవాళ్లు. ఆ మాటను ఎవరు, ఎవరి గురించి, ఎప్పుడు వాడాలన్న విషయంలో నాకు ఈనాటికీ ఒక పట్టింపు ఉంది. ఆ పట్టింపు ఎక్కడి నుంచి వచ్చిందో రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

మా ఇంట్లో కోపానికి పేర్ల కొరత ఉండేది కాదు. మా అవ్వ ఒక్కొక్క కోపాన్ని ఒక్కొక్క పేరుతో పిలిచేది, ఒకదాని పేరు ఇంకొకదానికి పెట్టేది కాదు. పెళ్లిలో కొత్త అల్లుడు అలకపాన్పు మీద కూర్చుని చేతి గడియారమో సైకిలో అడిగితే అది అలుక, దాన్ని తీర్చడం ఇంటివాళ్లకు ముచ్చట. అక్కాచెల్లెళ్లు నాలుగు రోజులు ముఖాలు చూసుకోకుండా తిరిగితే అది కినుక. వాదనలో ఓడిపోయి, చెప్పడానికి ఇంకేమీ మిగలక ఏడుపు గొంతుతో అరిస్తే అది ఉక్రోషం. పదిమందిలో మాట పడ్డవాడికి కలిగేది రోషం, పగ తీరేదాకా లోపల దాచుకునేది కసి. ఎండనబడి వచ్చేసరికి కుండలో మంచినీళ్లు లేకపోతే కలిగేది వట్టి చిరాకు, దాన్ని ఆమె కోపాల లెక్కలోకే తీసుకునేది కాదు. వంటింట్లో గిన్నెలు అవసరానికి మించి చప్పుడు చేస్తే అత్త మీద కోపం దుత్త మీద చూపించవద్దని అక్కడి నుంచే కేకేసేది. ‘తన కోపమె తన శత్రువు’ అన్న పద్యపాదం మాకు అక్షరాలు రాకముందే కంఠతా వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే ఇన్ని మాటల్లో ఒక్కటి కూడా మెచ్చుకోలు మాట కాదు. కోపం ఏ పేరుతో వచ్చినా దిగమింగుకోవలసిందేనని, అందులోనూ ఆడపిల్లలు తప్పకుండా దిగమింగుకోవలసిందేనని మా పెంపకం మాకు నేర్పింది.

అవ్వ చెప్పిన సామెతల్లో నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధపెట్టింది ‘పేదవాడి కోపం పెదవికి చేటు’ అన్నది. వేరుశనగ కోతల కాలంలో ఒక మోతుబరి ఇంటి అరుగు ముందు, ఒప్పుకున్న కూలిలో సగమే చేతిలో పెడితే, ఎదురు చెప్పలేక కింది పెదవిని పంటితో నొక్కిపట్టుకుని నిలబడిన ఒక మనిషిని చూశాను. అతడు డబ్బులు పంచె కొంగున ముడివేసుకుని వెనక్కి తిరిగినప్పుడు ఆ పెదవి మీద పళ్ల గుర్తులు తెల్లగా కనిపించాయి. ఆ సాయంత్రం అవ్వకు ఆ సంగతి చెబితే, చేటలో బియ్యం చెరుగుతున్నదల్లా ఆపకుండానే ఈ సామెత చెప్పింది. అంతకుముందు ఆ సామెతను చాలాసార్లు విన్నాను గానీ అందులోని పెదవి నిజమైన పెదవి అని ఆ రోజు దాకా నాకు తట్టలేదు. బలం లేనివాడికి కోపం వస్తే కొరుక్కోవడానికి వాడి పెదవి ఒక్కటే మిగులుతుందని మా పెద్దలు ఎంత మామూలుగా చెప్పుకున్నారో తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

మాస్టారు ఎనిమిదో తరగతిలో సంధులు చెబుతూ ఒకనాడు నల్లబల్ల మీద ‘ధర్మాగ్రహం’ అని రాసి విడదీయమన్నారు. ధర్మ, ఆగ్రహం అని విడదీసి సవర్ణదీర్ఘ సంధి అని అందరం ఒకే గొంతుతో చెప్పాం. విగ్రహవాక్యం దగ్గరికి వచ్చేసరికి తరగతి రెండుగా చీలిపోయింది. ధర్మం కొరకు ఆగ్రహం అని కొందరు, ధర్మమైన ఆగ్రహం అని కొందరు పట్టుబట్టారు. మాస్టారు ఏ పక్షాన్నీ తోసిపుచ్చలేదు. ధర్మం కోసం వచ్చిన కోపం ఒకటి, ధర్మం తప్పకుండా చూపించే కోపం మరొకటి అని, మొదటిది ఉన్నంత మాత్రాన రెండోది ఉన్నట్లు కాదని, రెండూ ఒకచోట ఉన్నప్పుడే ఆ మాట నిండుతుందని చెప్పారు. పరీక్షలో మార్కులు వచ్చే సంగతి కాకపోయినా ఆ రోజు ఆయన దాని మీద పీరియడ్ అంతా గడిపారు.

ఆగ్రహం అనే మాట ‘గ్రహ్’ అనే ధాతువు నుంచి వచ్చిందని, దానికి పట్టుకోవడం అని అర్థమని, అనుగ్రహం, నిగ్రహం, పరిగ్రహం వంటివన్నీ దాని పిల్లలేనని ఆయన వరుసగా బల్ల మీద రాశారు. సంస్కృతంలో ఆగ్రహమంటే గట్టిగా పట్టుకోవడం, పట్టుదల. హిందీవాళ్లు ఈనాటికీ ‘ఆగ్రహ్’ అన్న మాటను పట్టుబట్టి అడగడం, బతిమాలి అడగడం అన్న అర్థంలోనే వాడతారు. మన దగ్గరికి వచ్చేసరికి అది కోపంగా మారింది. ఉత్తరాది నుంచి వచ్చిన సహోద్యోగి ఒకరు ఎంతో ప్రేమగా ‘మా ఇంటికి భోజనానికి రావాలని నా ఆగ్రహం’ అన్న ధోరణిలో మాట్లాడినప్పుడు, చాలా ఏళ్ల తర్వాత, నాకు మాస్టారి పాఠం గుర్తుకు వచ్చింది. పాత అర్థం మనకు సత్యాగ్రహంలో మాత్రం చెక్కుచెదరకుండా మిగిలిందని ఆయన చెప్పారు. దక్షిణాఫ్రికాలో భారతీయులు సాగిస్తున్న పోరాటానికి తగిన పేరు సూచించమని గాంధీజీ తన ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రికలో పాఠకులను అడిగారు. మగన్‌లాల్ గాంధీ ‘సదాగ్రహం’ అని సూచించగా, గాంధీజీ దాన్ని ‘సత్యాగ్రహం’గా మార్చుకున్నారు. సత్యాగ్రహంలో ఆగ్రహానికి పట్టుదల అని, ధర్మాగ్రహంలో ఆగ్రహానికి కోపమని అర్థం చెప్పుకుంటున్నాం గానీ, పట్టుదల లేని కోపాన్ని ధర్మాగ్రహం అనడానికి తనకు నోరు రాదని మాస్టారు అన్నారు. ఒక పూట రగిలి మరుసటి పూటకు చల్లారిపోయే కోపం ఎంత న్యాయమైనదైనా దాన్ని ఆయన ఆ పేరుతో పిలిచేవారు కాదు.

మా ఊరి శివాలయంలో సోమవారం అభిషేకానికి రుద్రం చదివేటప్పుడు వినిపించే మొదటి మాటల గురించి కూడా ఆయనే చెప్పారు. ‘నమస్తే రుద్ర మన్యవ’ అన్నప్పుడు నమస్కారం చేస్తున్నది రుద్రుడి మన్యువుకు, అంటే ఆయన కోపానికి. క్రోధాన్ని అరిషడ్వర్గాల్లో చేర్చి శత్రువు అన్న సంప్రదాయమే మరొకచోట దేవుడి కోపానికి చేతులు జోడించిందన్న సంగతి పదమూడు, పధ్నాలుగేళ్ల పిల్లలకు ఎంత ఆశ్చర్యం కలిగించిందో మాటల్లో చెప్పలేను. కోపాన్ని దిగమింగడమే తప్ప దానికి మొక్కడం కూడా ఉంటుందని మాలో ఎవరమూ అంతకుముందు ఊహించలేదు.

పురాణం చెప్పే పెద్దాయన నోట నేను ఆ మాట విన్నది వానలు ముఖం చాటేసిన ఒక సంవత్సరం. విరాటపర్వం చదివిస్తే వానలు పడతాయని మన ఊళ్లలో గట్టి నమ్మకం. మృగశిర దాటినా నేల తడవలేదని ఊరి పెద్దలు చందాలు వేసుకుని రామాలయంలో పారాయణ పెట్టించారు. రోజూ దీపాలు పెట్టే వేళకు చాపలు పరిచేవారు, పెద్దాయన తిక్కన గారి పద్యాన్ని రాగంతో చదివి, తర్వాత దాని తాత్పర్యాన్ని మా ఊరి మాటల్లో చెప్పేవారు. కీచకుడు తరుముతుంటే ద్రౌపది విరాటుడి కొలువులోకి పరుగెత్తి వచ్చిన ఘట్టం రోజున చాపలు చాలక జనం మెట్ల మీద కూడా కూర్చున్నారు. నిండు సభలో, రాజు కళ్లెదుటే, ఆమెను కీచకుడు తన్నాడు. భీముడు వంటవాడి వేషంలో అక్కడే ఉండి, పెకలించడానికి దగ్గరలో ఉన్న ఒక చెట్టు వైపు చూశాడు. కంకుభట్టు వేషంలో ఉన్న ధర్మరాజు, వంటచెరుకు కావాలంటే ఇంకెక్కడైనా వెతుక్కోమని, నీడనిచ్చే ఈ చెట్టును కొట్టడం ఎందుకని పైకి మామూలు మాటల్లా పలికి తమ్ముణ్ని ఆపాడు. అజ్ఞాతవాసం పూర్తి కాకముందే బయటపడితే మళ్లీ పన్నెండేళ్లు అడవిపాలు కావాలి. అలా ఆపిన ధర్మరాజుకు కోపం రాలేదా అంటే వచ్చిందని, ఆయన నుదుట చెమట పోసిందని మూలంలో ఉన్నదని పెద్దాయన చెప్పారు.

ఆ సమయంలో స్తంభానికి ఆనుకుని కూర్చున్న ఒక ముసలామె గట్టిగా, ‘మరి ఆ రాజుకు నోరు లేదా సామీ?’ అని అడిగింది. కీచకుడు చెడ్డవాడని అందరికీ తెలుసు, అతడి మీద కోపం రావడం పెద్ద విశేషం కాదు. ఆమె కోపం మాత్రం కీచకుణ్ని దాటి, బావమరిది బలానికి భయపడి గద్దె మీద గమ్మున కూర్చున్న విరాటుడి మీదికి వెళ్లింది. పెద్దాయన పుస్తకం మీద చెయ్యి పెట్టి కాసేపు ఆగి, ఆ అమ్మ అడిగిందే ద్రౌపది కూడా అడిగిందని, కొలువులో కూర్చున్న పెద్దలందరినీ నిలదీసి ఇది ఏం ధర్మమని అడిగిందని చెప్పారు. భీముడిది కోపం, ధర్మరాజుది నిగ్రహం, ద్రౌపదిది ధర్మాగ్రహం అని ఆయన అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా జ్ఞాపకం ఉంది. చెట్టు పెకలించగల బలం ఉన్నవాడికి ఇవ్వని పేరును ఆయన చేతిలో ఏమీ లేని మనిషికి ఇచ్చారు. తన్నినవాడితో పాటు, ఆపవలసి ఉండి ఆపనివాణ్ని కూడా అడగడమే ఆ కోపం లక్షణమని నేను అప్పుడు అర్థం చేసుకున్నాను.

మా ఊరి ఆడవాళ్లకు ధర్మాగ్రహం అనే మాట తెలియదన్నాను గానీ ధర్మం అనే మాట వాళ్ల నోట రోజంతా నానుతూనే ఉండేది. బిచ్చగాడు వాకిట్లో నిలబడి ధర్మం చేయమనేవాడు, జ్వరం వస్తే ధర్మాసుపత్రికి పోయేవాళ్లు, తూకంలో తేడా వస్తే అంగడివాణ్ని ధర్మంగా తూచమనేవాళ్లు, పొలం గట్టు తగాదాలో ధర్మం చెప్పమని పెద్దమనిషిని పిలిచేవాళ్లు. శాస్త్రాల్లోని ధర్మం సంగతి నాకు అంతగా తెలియదు, వాళ్ల ధర్మం మాత్రం తూకంలో, కూలిలో, పంపకంలో, ఇచ్చిన మాటలో ఉండేది. అందువల్ల వాళ్లకు ఆ రకమైన కోపం వచ్చినప్పుడు అది ‘నీకిది ధర్మమేనా?’ అన్న ప్రశ్నగా బయటికి వచ్చేది. తిట్టు వేరు, శాపనార్థం వేరు, ఈ ప్రశ్న వేరు. తిట్టడంతో సంబంధం తెగిపోతుంది, శపిస్తే భారం దేవుడి మీదికి పోతుంది. ఈ ప్రశ్న అడిగినప్పుడు మాత్రం ఎదుటి మనిషికి ఇంకా ధర్మం తెలుసునన్న నమ్మకం ఏ మూలనో మిగిలి ఉంటుంది, అతడు జవాబు చెప్పి తీరాలన్న పట్టు కూడా ఉంటుంది.

అవ్వ పుట్టిల్లు చీరాల పక్కన. 1921లో చీరాల, పేరాల జనం మునిసిపాలిటీ పన్నులు కట్టబోమని తిరగబడిన కథ ఆమె తన తల్లి నోట విన్నది. రెండు ఊళ్లను కలిపి మునిసిపాలిటీ చేసి, నేత పని మీద బతికే పేదవాళ్ల నెత్తిన మోయలేనంత పన్ను వేస్తే, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వంలో జనం ఊళ్లు ఖాళీ చేసి బయట పాకలు వేసుకున్నారు. ఆ పాకల ఊరికి రామనగర్ అని పేరు పెట్టుకుని, దాదాపు పదకొండు నెలలు ఎండకూ వానకూ ఓర్చి అక్కడే ఉన్నారు. మా ముత్తవ్వ పాకలో బిడ్డను పెట్టుకుని ఉందని, తన ఇల్లు కనుచూపు మేరలో ఉన్నా ఒక్కనాడు కూడా గడప తొక్కలేదని అవ్వ చెప్పేది. ఆ కథలో ఎవరూ అరవరు, ఎవరూ ఎవరినీ కొట్టరు. ఇల్లు వదిలి బయట కూర్చోవడం కూడా కోపమేనా అని అడిగితే, అంతకంటే పెద్ద కోపం ఏముంటుందని అవ్వ నన్నే ఎదురు అడిగింది. పేదవాడి కోపం గురించి అంత నిరాశగా సామెత చెప్పే మనిషికి ఈ కథ చెప్పేటప్పుడు మాత్రం గొంతులో గర్వం పలికేది.

ఇక సారా సంగతికి వస్తాను. 1990ల మొదట్లో మా జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం పెద్ద ఎత్తున నడిచింది. పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్లు రాత్రి అన్నాలు తిన్నాక పలకలు పట్టుకుని లాంతరు చుట్టూ కూర్చునేవారు. వాళ్ల వాచకాల్లో సారా వల్ల కూలిపోయిన సంసారాల కథలు ఉండేవి. అక్షరాలు కూడబలుక్కుంటూ ఆ కథలు చదువుతుంటే వాళ్లకు ప్రతి వాక్యంలో తమ ఇల్లే కనిపించింది. దూబగుంటలో ఆడవాళ్లు కలిసికట్టుగా సారా అంగడి మూయించారన్న కబురు ఊరి నుంచి ఊరికి పాకింది, రోశమ్మ పేరు జిల్లా అంతటా మారుమోగింది. అప్పటికి సారా దొంగచాటు సరుకు కాదు. వారుణి వాహిని అనే పేరుతో ప్రభుత్వమే ప్యాకెట్లలో సరఫరా చేయించిన సరుకు, ఏటా వేలంపాటలు పెట్టి అమ్మిన హక్కు. మంచినీళ్లు రాని వాడలకు సైతం ఆ ప్యాకెట్లు మాత్రం వేళ తప్పకుండా చేరేవి.

మా ఎదురింట్లో ఒక అక్క ఉండేది. భర్త బేల్దారి పని చేసేవాడు, మంచి పనివాడని పేరు. అతడి కూలి ఇంటికి వచ్చే దారిలోనే అయిపోయేది. అక్క కాళ్ల పట్టీలు ముందు పోయాయి, తర్వాత పుట్టింటివాళ్లు పెట్టిన ఇత్తడి బిందె పోయింది, ఒకనాడు చౌకదుకాణం నుంచి తెచ్చిన బియ్యం కూడా సంచితో సహా పోయింది. అంతవరకు వీధిలో ఆమె గొంతు ఎవరూ విని ఎరగరు. దెబ్బలు తిన్నప్పుడు కూడా నోట్లో చీరకొంగు కుక్కుకునేదని మా అమ్మ చెప్పేది. బియ్యం పోయిన మరునాడు పొద్దున రాత్రిబడి ఆడవాళ్లంతా చీపుర్లు, కారప్పొడి పట్టుకుని అంగడి మీదికి బయలుదేరినప్పుడు ఆ అక్క అందరికంటే ముందు నడిచింది. మేము పిల్లలం వెనక పరుగెత్తాం.

అంగడి అంటే తాటాకుల పందిరి, ముందొక బల్ల, దాని మీద గల్లాపెట్టె, వెనక ప్యాకెట్ల మూటలు. అక్క బల్ల ముందు నిలబడి, ‘నా బిడ్డల నోటికాడ బువ్వ ఎత్తకపోతుండావే, నీకిది ధర్మమేనా?’ అని అడిగింది. గొంతు వణికింది గానీ తగ్గలేదు. అంగడివాడు తాను పాట పాడి, డబ్బు కట్టి అమ్ముకుంటున్నానని, అడగదలచుకుంటే గవర్నమెంటును అడగమని అన్నాడు. అతడు తప్పించుకోవడానికి అన్నా ఆ మాటలో నిజం ఉంది. అక్క ఒక క్షణం అతడి ముఖంలోకి చూసి, ‘సరే, వాళ్లనే అడగతాం. అందాకా నువ్వు మూసెయ్’ అంది. తర్వాత ఆడవాళ్లు మూటలు బయటికి ఈడ్చి, ప్యాకెట్లను ఒక్కొక్కటిగా చింపి రోడ్డు మీద పారబోశారు. మట్టి తడిసి లేచిన ఆ ఘాటైన వాసనకు మాకు కళ్లు మండాయి. ఆ గందరగోళంలో ఒక కుర్రవాడు గల్లాపెట్టె మూత ఎత్తబోతే అక్క వాడి చేతి మీద చీపురుతో ఒక్కటి వేసింది. ‘ఆ డబ్బు మనది కాదు, పెట్టు’ అంది. ఆ డబ్బులో తన భర్త కూలి కూడా ఉందని అక్కడున్న అందరికీ తెలుసు. అయినా ఆమె దాన్ని ముట్టుకోలేదు, ముట్టుకోనివ్వలేదు. మాస్టారు నల్లబల్ల దగ్గర చెప్పిన రెండు విగ్రహవాక్యాలూ ఒక్క మనిషిలో ఒకే పొద్దున నేను చూశాను.

మరునాడు బడి వరండాలో పేపరు చదువుతూ మాస్టారు, ‘ఇది ధర్మాగ్రహం’ అని పక్కనున్న హెడ్మాస్టరు గారితో అన్నారు. అదే మాట నేను ఇంటికి వచ్చి అక్కతో చెబితే, ఆమెకు అది కొరుకుడు పడలేదు. ‘అదేందో నాకు తెలవదమ్మాయ్, కడుపు మండింది, పోయినాం’ అంది. కడుపుమంట అన్న మాటకు అసూయ అన్న అర్థం కూడా మనకు వాడుకలో ఉంది, ఆమె చెప్పింది మాత్రం ఆకలిని, కోపాన్ని విడదీయలేని మంట. ఆమె తన కోపానికి పెట్టుకున్న పేరు అది. ధర్మాగ్రహమన్న పేరు పెట్టింది చూసినవాళ్లు. నా పట్టింపు ఇక్కడి నుంచే మొదలైంది. ఆ మాట ఒకరి కోపానికి ఇంకొకరు ఇచ్చే సాక్ష్యం అని, ఎవరికి వారు తమ కోపానికి తగిలించుకునే బిరుదు కాదని నేను ఇప్పటికీ నమ్ముతాను.

ఆ తర్వాత వాళ్లు నిజంగానే ప్రభుత్వాన్ని అడిగారు. జిల్లాలో సారా వేలంపాటలు జరిగే చోట్లకు ఆడవాళ్లు తండోపతండాలుగా వెళ్లి అడ్డుకున్నారు, పాటలు వాయిదా మీద వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలోనూ, అదే సంవత్సరం అక్టోబర్ 1న ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి వచ్చింది, 1997లో దాన్ని ఎత్తివేశారు గానీ సారా నిషేధాన్ని అలాగే ఉంచారు. సారా నిషేధం కబురు వచ్చిన రోజున అవ్వకు ఆ సామెత గుర్తు చేశాను. ఆమె కాసేపు ఆలోచించి, ఒక్కడి పెదవైతే చేటు గానీ ఊరందరి పెదవులూ కదిలితే చేటు ఎవరికని అడిగింది. నాకు తెలిసి ఆ తర్వాత ఆ సామెతను ఆమె వాడలేదు.

ఇప్పటి వాడుక చూస్తే నాకు బాధ కలుగుతుంది. పొద్దున పేపరు తెరిస్తే మంత్రి ఆగ్రహం, అధికారులపై కలెక్టర్ ఆగ్రహం, ఎమ్మెల్యే ఆగ్రహం అని శీర్షికలు కనిపిస్తాయి. అధికారం ఉన్నవాడు కింది ఉద్యోగి మీద విసుక్కున్నా దానికి ఆగ్రహమన్న పెద్ద పేరు పెట్టడం అలవాటైపోయింది. అంతకంటే నన్ను కలవరపెట్టేది, మైకు ముందు నిలబడి ‘ఇది నా ధర్మాగ్రహం’ అని ఎవరికి వారు ప్రకటించుకోవడం. సీటు దక్కలేదన్న ఉక్రోషానికీ, మాట పడ్డామన్న రోషానికీ, పాత పగ తాలూకు కసికీ మనకు చక్కని పేర్లు ఉన్నాయి. వాటిని వాటి పేర్లతో పిలవడంలో చిన్నతనం ఏమీ లేదు. నలుగురు కలిసి ఒంటరి మనిషిని తరిమి కొట్టి దాన్ని ధర్మాగ్రహం అని చెప్పుకోవడం కూడా ఈ మధ్య వింటున్నాను. గల్లాపెట్టె ముట్టుకోవద్దని చీపురు ఎత్తిన చెయ్యి నా కళ్ల ముందు ఉన్నంతకాలం అటువంటి దానికి నేను ఆ పేరు ఒప్పుకోలేను.

ఇళ్లలో, వీధుల్లో మాత్రం పాత వాడుక ఇంకా బతికే ఉంది. బస్సులో, రేషను వరుసలో, ఆసుపత్రి వరండాలో ఎవరో ఒక మనిషి గొంతు పెంచినప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు ముందు విసుక్కుంటారు, తర్వాత సంగతి విని, ‘ఆమె కోపంలో న్యాయం ఉందిలే’ అంటారు. తెలంగాణ మిత్రులు ఇదే సందర్భంలో ‘కడుపు మండి మాట్లాడుతున్నది’ అంటారు. పాలకుర్తిలో తన పంటను దొర మనుషులు ఎత్తుకుపోకుండా సంఘం అండతో కాపాడుకున్న చాకలి ఐలమ్మ గురించి వాళ్లు చెప్పేటప్పుడు కూడా ఆ మాటే వాడటం విన్నాను. ధర్మాగ్రహం అన్న సంస్కృత సమాసానికి ఇవి మన ఇంటి మాటలు. నా ఉద్దేశంలో ఇవి దానికి ఏమాత్రం తక్కువ కావు, ఎందుకంటే వీటిలో విన్నవాడి తీర్పు కూడా కలిసి ఉంది.

ఎదురింటి అక్క ఇప్పుడు ముసలిదైంది. అప్పటి పేరు మాసిన పలక ఆమె దగ్గర లేదు గానీ సంతకం పెట్టడం మరిచిపోలేదు. ఊళ్లో బడి దగ్గర బెల్టుషాపు నడుస్తోందని ఈ మధ్య అర్జీ రాయించి, తానే సంతకం పెట్టి, సోమవారం పూట అర్జీలు తీసుకునే చోట ఇచ్చి వచ్చింది. తీసుకున్న అధికారి చూస్తామన్నాడట. రెండోసారి పోతే ఇంకొకరు ఉన్నారు, ఆయన కూడా చూస్తామన్నాడట. మొన్న ఫోన్లో మాట్లాడినప్పుడు, ‘చూస్తాం చూస్తాం అంటుండారు, మీ పిల్లకాయలు చదివే బడి కాడైతే ఊరుకుంటారా, ఇది మీకు ధర్మమేనా అని అడిగి వచ్చినా’ అంది. జవాబు ఏం చెప్పారని అడిగాను. ఇంకా చెప్పలేదని, మోకాళ్ల నొప్పులకు మందు వేసుకుంటోందని, వచ్చే సోమవారం మొదటి బస్సుకే మళ్లీ పోతానని చెప్పింది.